చేప కంటే ముందు నీళ్ల ఇమ్తిహాన్

చేపల జోడీ ఇంటికొచ్చిన ఆరో రోజు పొద్దున, ఫజర్ తర్వాత హాల్లో లైటు వేసేసరికి ఒకటి ట్యాంకు అడుగున పక్కకు ఒరిగి ఉంది. రెండోది పైన, పంపు పక్కన, నోరు తెరుస్తూ మూస్తూ ఊపిరి కోసం తండ్లాడుతోంది. మధ్యాహ్నానికి అదీ పోయింది. నారింజ రంగు మీద తెల్ల పట్టీలుండే క్లౌన్ చేపలు. మా చిన్నది 'ఫైండింగ్ నీమో' సినిమా చూసినప్పటి నుంచి రెండేళ్లు అడిగి అడిగి తెప్పించుకున్నవి.

బడి నుంచి వచ్చి చూసింది. ఏడవలేదు. అద్దానికి ముఖం ఆనించి చాలాసేపు నిలబడి ఒకటే సవాల్ అడిగింది. "అబ్బా, నీళ్లు ఇంత సాఫ్‌గా ఉన్నాయి కదా, మరి కైకు మర్‌గయే?"

నా దగ్గర జవాబు లేదు. జనాన్ని సవాళ్లు అడగడమే ఇరవై ఏళ్లుగా నా రోజీ రోటీ. ఇంట్లో పన్నెండేళ్ల పిల్ల అడిగిన దానికి నోరు పెగల్లేదు. లోపలి గదిలోంచి అమ్మీ మాత్రం, "బేజుబాన్ జాన్వర్ రా, దానికేమైందో అది చెప్పుకోగలదా? తెచ్చినోడే చూసుకోవాలె" అంది.

దుకాన్‌దార్‌కి ఫోన్ చేశాను. "మీరు తెచ్చిన నీళ్లు నేనే చూసిన కదా భాయ్, సబ్ ఠీక్ హై" అన్నాడు. అబద్ధమేం కాదు. చేపలు కొనేముందు సీసాలో నీళ్లు పట్టుకుపోతే, ఒక కాగితం స్ట్రిప్ ముంచి, రంగులు చూసి ఠీక్ అన్నాడు. నేనూ ఇత్మినాన్‌గా చేపలు సంచిలో వేయించుకొచ్చాను. చేపలు పోయిన రోజు సాయంత్రం వేరే దుకాణంలో అమ్మోనియా కిట్ కొని, అదే నీళ్లను అయిదు మిల్లీలీటర్లు గాజుగొట్టంలో పోసి, చుక్కలు వేసి చూశాం. పసుపు రావాల్సిన చోట ముదురు ఆకుపచ్చ వచ్చింది. అప్పుడు తెలిసింది, దుకాణంలో ముంచిన ఆ స్ట్రిప్‌లో ఆరు గళ్లున్నా అమ్మోనియా గడి లేదని.

ఇది ఆ దుకాన్‌దార్ మీద షికాయత్ కాదు. గలతీ నాది. ట్యాంకుకు, స్టాండుకు, లైటుకు, ఉప్పుకు, రాళ్లకు పైసలు పెట్టాను. ఆ నీళ్లలో ఏముందో తెలుసుకునే సామాను మాత్రం "తర్వాత చూద్దాం" అనుకున్నాను. ఆ తర్వాత మా ట్యాంకు చూసిన చుట్టాల్లో ముగ్గురు, "మేమూ పెడదామనుకుంటున్నం, ఏ కిట్ కొనాలె?" అని అడిగారు. వాళ్లకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

నా రాయ్ రెండు ముక్కల్లో చెబుతాను. ఒకటి, మొదటి చేప కంటే ముందు కిట్ కొనాలి. కిట్‌కు పైసలు లేని రోజు చేపకూ పైసలు లేనట్టే. రెండు, అలాగని పెద్ద డబ్బా కొననక్కర్లేదు. ఏ అంకె చూశాక మీ చెయ్యి ఒక పని చేస్తుందో ఆ కిట్టే కొనండి. చూసి ఏం చేయాలో తెలియని అంకెకు పైసలు పెట్టడం ఫిజూల్ ఖర్చు.

ముందు ఆ గాజు డబ్బాలో ఏం జరుగుతుందో తెలియాలి. కొత్త ట్యాంకులో నీళ్లు, ఉప్పు, ఇసుక, రాళ్లు, పంపు అన్నీ ఉంటాయి. సరిపడా లేనిది కంటికి కనబడని బ్యాక్టీరియా. చేప తన మొప్పల నుంచే అమ్మోనియా వదులుతుంది. తినగా మిగిలిన మేత కుళ్లినా అమ్మోనియానే. సముద్రంలో అయితే అది ఎక్కడో కలిసిపోతుంది. వంద లీటర్ల డబ్బాలో ఎక్కడికి పోతుంది? ఒక జాతి బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. ఇంకో జాతి ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటిది జహర్, చివరిది దాంతో పోలిస్తే చాలా మెతక. అప్పుడప్పుడు కొన్ని నీళ్లు తీసి కొత్త ఉప్పునీళ్లు పోస్తే నైట్రేట్ తగ్గుతుంది. ఈ బ్యాక్టీరియా రాళ్ల మీద, ఇసుకలో కాపురం పెట్టడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. దీన్నే సైక్లింగ్ అంటారు. మేం ఆగింది మూడు రోజులు.

గోల్డ్‌ఫిష్ పెంచినవాళ్లు ఇక్కడ మోసపోతారు. "మా ఇంట్లో పదేళ్లు పెంచినం, ఏ కిట్ లేదు" అంటారు. ఉప్పునీటి పీహెచ్ 8.2 దగ్గర ఉంటుంది, మంచినీళ్ల తొట్టి కంటే ఎక్కువ. పీహెచ్ పెరిగేకొద్దీ, వేడి పెరిగేకొద్దీ అమ్మోనియాలో విషంగా పనిచేసే భాగం పెరుగుతుంది. పీహెచ్ 7 ఉన్న గోల్డ్‌ఫిష్ తొట్టిలో చేప ఓర్చుకునే అమ్మోనియా, ఇక్కడ ప్రాణం తీస్తుంది.

ఇంతకుముందు ఒక రివాజ్ ఉండేది. చవక చేపను రెండింటిని ముందు వదిలి, వాటి వ్యర్థంతో బ్యాక్టీరియాను పెంచేవాళ్లు. బతికితే బతికాయి, పోతే పోయాయి. ఇప్పుడు ఆ జరూరత్ లేదు. ఒక పచ్చి రొయ్య ముక్క వేసి కుళ్లనిస్తే చాలు. లేదా అమ్మోనియం క్లోరైడ్ ద్రావణం కొలిచి వేయొచ్చు. ఏ చేపా లేకుండానే బ్యాక్టీరియా పెరుగుతుంది. ఆ పెరుగుదల మన కంటికి కనపడదు. నీళ్లు మొదటి రోజు ఎలా ఉన్నాయో నలభయ్యో రోజూ అలాగే ఉంటాయి. తేడా చెప్పేది కిట్ ఒక్కటే.

ఇక ఏవి కొనాలి?

మొదటిది ఉప్పు కొలిచే సాధనం. చాలామంది దీన్ని కిట్ల జాబితాలో లెక్కపెట్టరు. నా దృష్టిలో అసలు మొదటి ఇమ్తిహాన్ ఇదే. సముద్రపు నీళ్లు కిలోకు దాదాపు 35 గ్రాముల ఉప్పు ఉంటాయి, సాంద్రత లెక్కలో 1.026 దగ్గర. చవకగా దొరికే ప్లాస్టిక్ హైడ్రోమీటర్‌లో ముల్లు పైకి లేచి అంకె చూపిస్తుంది. ఆ ముల్లుకు చిన్న గాలిబుడగ అంటుకుంటే అంకె తప్పు. ఇంకొంచెం పైసలు పెట్టి రిఫ్రాక్టోమీటర్ కొనండి. ఒక చుక్క నీళ్లు గాజు మీద వేసి, వెలుతురు వైపు పెట్టి కంటితో చూసేది. దాన్ని సరిచేసుకోవడానికి 35 పీపీటీ అని రాసిన చిన్న సీసా అమ్ముతారు. అదీ కొనండి. డిస్టిల్డ్ వాటర్‌తో సున్నా సరిచేస్తే చాలనుకోవద్దు, మనకు కావలసింది సున్నా దగ్గర కాదు, 35 దగ్గర సరైన అంకె.

మనం ఉండేది హైదరాబాద్‌లో. ఎండాకాలం ఫ్యాన్ కింద ట్యాంకు నీళ్లు రోజూ ఎంత తగ్గుతాయో చూస్తేనే తెలుస్తుంది. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు లోపలే ఉంటుంది. తగ్గిన మేరకు ఉప్పు కలపని ఆర్‌ఓ నీళ్లు పోయాలి. మా బేగం మొదట్లో ఉప్పునీళ్లే పోసేది, నేనూ సరే అనుకున్నాను. వారంలో అంకె ఎక్కడికో పోయింది. ఇంకో మాట, ఇంటి ఆర్‌ఓ మెషిన్లలో కొన్ని రుచి కోసం కొంత వడకట్టని నీళ్లు కలుపుతాయి. ఆర్‌ఓ మెకానిక్ జేబులో ఉండే టీడీఎస్ మీటర్ పెట్టి చూడండి. ఉప్పు కలపకముందు ఆ నీళ్లు సున్నాకు ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. అదే మీటర్‌ను ఉప్పునీళ్లలో ముంచితే ప్రయోజనం లేదు, అది అంత ఉప్పు కొలవడానికి చేసింది కాదు.

రెండోది అమ్మోనియా కిట్. మొదటి రెండు నెలలు దీన్ని మించిన చుట్టం లేదు. మాకు మొదటి జోడీ చేపలకు అయినదాని కంటే తక్కువకే వచ్చింది, ఆ అఫ్‌సోస్ ఇప్పటికీ ఉంది. చేపలున్న ట్యాంకులో దీని అంకె సున్నా తప్ప ఇంకేదైనా సరే, చేయాల్సిన పని ఖచ్చితంగా తెలుసు. మేత ఆపాలి. అదే ఉప్పు, అదే వేడి ఉన్న కొత్త నీళ్లతో పావు వంతో సగమో మార్చాలి. ట్యాంకు కుదురుకున్నాక కూడా కిట్ పారేయకండి. చేప ఏదైనా కనబడకుండా పోయినప్పుడు, కరెంటు చాలాసేపు పోయి పంపు ఆగినప్పుడు మళ్లీ అదే దిక్కు.

మూడోది నైట్రేట్ కిట్. బ్యాక్టీరియా పని చివరిదాకా వచ్చిందని గవాహీ ఇచ్చేది ఇదే. ఆ తర్వాత నీళ్లు ఎప్పుడు, ఎంత మార్చాలో చెప్పేదీ ఇదే. చేపలు మాత్రమే ఉన్న ట్యాంకులో 20 పీపీఎం లోపు ఉంటే నిశ్చింత. పగడాలు పెడితే ఇంకా తక్కువ ఉండాలి. కొనేటప్పుడు కార్డు మీద రాసింది చదవండి. కొన్ని కిట్లు నైట్రేట్‌ను చెబుతాయి, కొన్ని అందులోని నైట్రోజన్‌ను మాత్రమే చెబుతాయి. రెండో రకం అంకెను 4.4తో గుణిస్తేనే నైట్రేట్. ఒకరి కిట్ 5 అంటే, ఇంకొకరి కిట్ 22 అంటే, ఇద్దరి నీళ్లూ ఒకటే అయి ఉండొచ్చు.

నైట్రైట్ కిట్ గురించి అందరూ కొనమంటారు. నేను రెండో వరసలో పెడతాను. మంచినీళ్ల చేపలకు నైట్రైట్ గట్టి విషం. సముద్రపు నీటిలో క్లోరైడ్ ఎంతో ఎక్కువ, అది చేప మొప్పల్లోకి నైట్రైట్‌ను సులభంగా పోనివ్వదు. అందుకే ఇక్కడ దాని భయం తక్కువ. ఒక ఫైదా మాత్రం ఉంది. నైట్రేట్ కిట్లు లోపల నైట్రేట్‌ను నైట్రైట్‌గా మార్చే రంగు చూపిస్తాయి, కాబట్టి నీళ్లలో ముందే నైట్రైట్ ఉంటే నైట్రేట్ అంకె పెరిగి కనిపిస్తుంది. సైక్లింగ్ మధ్యలో నైట్రేట్ ఒక్కసారిగా ఆకాశానికి పోతే ఘాబరా పడకుండా ఉండటానికి ఇది పనికొస్తుంది. సెట్‌లో కలిసి వస్తే మంచిదే. విడిగా కొనాలంటే ఆ పైసలు రిఫ్రాక్టోమీటర్‌కు పెట్టండి.

నాలుగోది ఆల్కలినిటీ, కిట్ల మీద కేహెచ్ అని ఉంటుంది. నీళ్ల పీహెచ్ పడిపోకుండా పట్టుకునే శక్తి ఇది. సముద్రంలో దాదాపు 7 డీకేహెచ్, ట్యాంకుల్లో 7 నుంచి 11 మధ్య ఎక్కడైనా కదలకుండా ఉంచితే చాలు. చేపలతోనే ఆగేవాళ్లు దీన్ని మొదటి నెలలో కొనకపోయినా నడుస్తుంది. పగడం ఇంటికి తేవాలనుకున్న రోజు మాత్రం పగడం కంటే ముందు ఇది రావాలి. గట్టి పగడాలు అస్థిపంజరం కట్టుకోవడానికి దీన్నే వాడుకుంటాయి, అన్నిటికంటే ముందు తగ్గేది ఇదే.

మరి పీహెచ్? నవ్వొచ్చేది ఏమంటే, అందరూ మొదట కొనేది అదే. పగలు ఒకటుంటుంది, తెల్లవారుజామున ఒకటుంటుంది. కిటికీలు మూసి ఏసీ వేసుకుని పదిమంది మేహ్మాన్లు కూర్చుంటే, గదిలో పెరిగిన కార్బన్ డయాక్సైడ్‌కు ఇంకా తగ్గుతుంది. 7.8 నుంచి 8.5 మధ్య ఉంటే ముట్టుకోవద్దు. అంకె కొంచెం తక్కువ కనబడగానే సీసాలోని మందు పోసి పెంచే పనికి దిగితే, తెలియకుండా ఆల్కలినిటీని పాడుచేస్తాం. చూడకపోవడం కంటే చూసి చెయ్యి పెట్టడంలోనే నుక్సాన్ ఎక్కువ.

కాల్షియం, మెగ్నీషియం, ఫాస్ఫేట్ కిట్లు మొదట వద్దు. సముద్రంలో కాల్షియం దాదాపు 420 పీపీఎం, మెగ్నీషియం దాదాపు 1300. మంచి ఉప్పు కలిపి నీళ్లు మారుస్తుంటే, గట్టి పగడాలు లేని ట్యాంకులో అవి వాటంతటవే సరిపోతాయి. ఫాస్ఫేట్ వేరే కథ. అది ఉండాల్సింది 0.1 పీపీఎం కంటే తక్కువ. అంత చిన్న అంకెను లేత నీలం రంగు చూసి కంటితో పోల్చడం కష్టం. నాచు విపరీతంగా పెరిగి ఇబ్బందైతే, అప్పుడు హాన్నా చెక్కర్ లాంటి చిన్న ఎలక్ట్రానిక్ యంత్రం గురించి ఆలోచించండి. అది రంగును కంటికి బదులు తానే చదివి అంకె చూపిస్తుంది.

ఇక రకాల సంగతి. స్ట్రిప్, చుక్కల కిట్, ఎలక్ట్రానిక్ చెక్కర్, ఈ మూడే దుకాణంలో ఉంటాయి. స్ట్రిప్ చూసినప్పుడల్లా నాకు మా ఉర్దూ మీడియం బడి గుర్తొస్తుంది. కెమిస్ట్రీని అక్కడ కీమియా అనేవాళ్లం. ఆసిడ్ అంటే తేజాబ్. ల్యాబ్ పేరుకు ఒక అల్మారా, అందులో ఒక డబ్బా లిట్మస్ కాగితం. ఎర్రగా మారితే తేజాబ్ అని ఉస్తాద్ చెప్పేవారు. ఎంత తేజాబ్ అని అడిగితే, "అది ఈ కాగితం పని కాదు బేటా" అనేవారు. స్ట్రిప్ పరిస్థితీ అంతే. ఉందా లేదా అని కొంత చెబుతుంది, ఎంత అని గట్టిగా చెప్పలేదు. మామూలుగా దొరికే అయిదారు గళ్ల స్ట్రిప్‌లలో అమ్మోనియా ఉండదు, అది వేరే స్ట్రిప్. కొత్త ట్యాంకుకు మొదటి నెల కావలసింది ఆ ఒక్కటే.

కాబట్టి చుక్కల కిట్. ఏపీఐ వాళ్ల సాల్ట్‌వాటర్ మాస్టర్ సెట్‌లో ఎక్కువ పీహెచ్, అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్ నాలుగూ ఉంటాయి. సైక్లింగ్‌కు సరిపోతుంది. సాలిఫర్ట్, రెడ్ సీ లాంటివి విడివిడిగా దొరుకుతాయి. కేహెచ్‌కు సాలిఫర్ట్ తరీఖా సులువు, సిరంజితో చుక్కచుక్క వేస్తూ రంగు మారిన చోట ఆపి అంకె చదవడమే. ఏ కంపెనీ అన్నది నా లెక్కలో రెండో సంగతి. ముందు చూడాల్సినవి మూడు. డబ్బా మీద సాల్ట్‌వాటర్ అని ఉందా? రంగుల కార్డు ఉప్పునీటిదేనా? తారీఖు దాటలేదా? మంచినీళ్ల సెట్, ఉప్పునీటి సెట్ పక్కపక్కనే ఉంటాయి, డబ్బాలు అన్నదమ్ముల్లా ఉంటాయి. చుక్కల మందులకు వయసు ఉంటుంది. ఎండ పడే అద్దాల షెల్ఫ్‌లో రోజులకొద్దీ ఉన్న సీసా తారీఖు బాగున్నా వద్దనండి.

కిట్ కొన్నాక పని అయిపోదు. నా గలతీలు చెబుతాను, మీకు అవి తప్పుతాయి. నైట్రేట్ కిట్‌లో రెండో సీసాను గట్టిగా కుదిపి వేయాలని కాగితంలో చిన్న అక్షరాల్లో ఉంది. లోపలి పొడి అడుగున గడ్డకడుతుందట. నేను డిగ్రీలో తెలుగు సాహిత్యం చదివినవాణ్ణి, ఇంగ్లిష్‌లో ఉన్న ఆ చీటీని పైపైన చూసి పక్కన పెట్టాను. రెండు వారాలు నైట్రేట్ సున్నా వచ్చింది, అల్‌హమ్‌దులిల్లాహ్ అనుకున్నాను. మా చిన్నది చీటీ మొత్తం చదివి, సీసాను అరనిమిషం కుదిపి వేస్తే ఎర్రగా వచ్చింది. ఆ రోజే చీటీలో ఉన్నదంతా తెలుగులో, అమ్మీ కోసం ఉర్దూలో, వరసగా రాసి ట్యాంకు పక్క గోడకు అంటించాం.

గాజుగొట్టాన్ని ముందు ట్యాంకు నీళ్లతోనే కడగాలి. సీసాను నిట్టనిలువుగా పట్టుకుంటేనే చుక్కలు ఒకే సైజులో పడతాయి. చెప్పిన నిమిషాలు గడియారం చూసి ఆగాలి, అందాజాగా కాదు. రంగును పగటి వెలుతురులో చూడాలి. పసుపు బల్బు కింద చూస్తే రంగు తప్పుగా అనిపించవచ్చు. షక్ వస్తే అప్పుడే కలిపిన కొత్త ఉప్పునీళ్లను రెండో గొట్టంలో పోసి, అదే మందు వేసి పక్కన పెట్టి పోల్చండి. రెండూ ఒకే రంగైతే మీ కన్నే మోసం చేస్తోంది. ఇంట్లో ఇద్దరు విడివిడిగా చూసి, ఒకరి అంకె ఇంకొకరికి చెప్పకుండా రాయండి. మా ఇంట్లో నాకూ పిల్లకూ తేడా వస్తే పిల్లదే సరైనదని చాలాసార్లు తేలింది.

పత్రికలో ఒక్కడు చెప్పిన ఖబర్‌ను అచ్చు వేయం. రెండో నోట విని, కాగితం చూసి, అప్పుడు వేస్తాం. నీళ్ల దగ్గరా అదే కాయిదా పెట్టుకున్నాం. వింత అంకె వస్తే మళ్లీ చేయాలి. అమ్మోనియా అయితే ఆలోచించకుండా నీళ్లు మార్చొచ్చు, దానివల్ల చెడేదేం లేదు. ఇంకే అంకె అయినా ఒక్క నతీజా చూసి మందు సీసా మూత తీయొద్దు.

"దుకాణంలో ముఫ్త్‌గా చూసిస్తారు కదా" అనే మాట ఉంది. చూపించండి, కానీ "ఠీక్ హై" తీసుకుని రావొద్దు. ఏం చూశారు, ఎంత వచ్చింది అని అడిగి అంకె రాసుకోండి. అంకె చెప్పలేని ఇమ్తిహాన్ ఇమ్తిహాన్ కాదు. ఇంకో మాట, "ఏళ్లుగా పెంచుతున్న ఫలానా భాయ్ ఏ కిట్ వాడడు." నిజమే ఉండొచ్చు. ఆయన చేప ఈదే తీరు, పగడం విచ్చుకునే తీరు చూసి చెప్పగలడు. ఆ చూపు ఏళ్ల తజ్రిబాతో వచ్చింది, దారిలో ఎన్ని చేపలు పోయాయో ఆయన్నే అడగండి. కొత్తవాళ్లకు ఆ చూపు లేదు.

చివరిగా నన్ను బాధపెట్టే సంగతి. నాది నల్గొండ జిల్లా. తేటగా ఉన్న నీళ్లను నమ్మకూడదని ఎవరికి తెలియకపోయినా నాకు తెలియాలి. మా దిక్కు బోరు నీళ్లు అద్దంలా ఉండేవి. వాసన లేదు, రంగు లేదు. ఆ నీళ్లు తాగిన పిల్లల పళ్లు గారపట్టాయి, పెద్దల ఎముకలు వంగిపోయాయి. అందులో ఉన్నది ఫ్లోరైడ్. తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించొద్దన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు. అది దాటిందో లేదో కన్ను చెప్పదు, నాలుక చెప్పదు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరీ సంస్థ తయారుచేసింది, దానికి 'నల్గొండ టెక్నిక్' అనే పేరు పడింది. మా జిల్లా పేరు నీళ్ల శాస్త్రం పుస్తకాల్లోకి ఎక్కింది ఇలా. మనుషుల ఎముకలతో రెండు చేపల్ని పోల్చడం లేదు. ఆ ఊళ్లు తిరిగి, ఆ నీళ్ల మీద ఖబర్లు రాసిన నేనే, నా ఇంట్లో గాజు డబ్బా ముందు నిలబడి, సాఫ్‌గా ఉన్నాయి కదా అనుకున్నాను. పిల్ల అడిగింది నా మాటే.

మళ్లీ మొదలుపెట్టాం. రొయ్య ముక్క వేశాం. చిన్నది ఒక పాత నోటుబుక్కులో గీతలు గీసి తారీఖు, ఉప్పు, అమ్మోనియా, నైట్రేట్ అని నాలుగు వరసలు చేసింది. అమ్మోనియా పెరిగింది, ఆగింది, తగ్గింది. అయిదో వారంలో ఒక సాయంత్రం గొట్టంలో పసుపు వచ్చింది. "పద, చేపలు తెచ్చుకుందాం" అన్నాను. "ఒక్కసారే కదా అబ్బా వచ్చింది, రేపు చూద్దాం" అంది. తెల్లారి పసుపే. అయినా ఇంకో రోజు ఆపింది. ఆ రోజు నేను జల్దీ చేయలేదు, ఆ హక్కు నాకు లేదు.

మొదట వెళ్లిన దుకాణానికే వెళ్లాం. నోటుబుక్కు చంకలో పెట్టుకుని వచ్చింది. దుకాన్‌దార్ మా సీసా నీళ్లలో ముంచుదామని స్ట్రిప్ తీస్తుంటే అడిగింది. "చాచా, ఇస్మే అమ్మోనియా హై క్యా?"

ఆయన డబ్బా తిప్పి వెనక రాసింది చదివాడు. కాసేపు చదివాడు. "నై హై బేటా" అన్నాడు. స్ట్రిప్ మళ్లీ డబ్బాలో పెట్టి, ఆ నోటుబుక్కు ఇమ్మని చెయ్యి చాపాడు.